ప్రొటీన్ల మడత ఒత్తిడి కణాన్ని కాపాడుతుందా, చంపుతుందా?

తర్వాత చదివేవాళ్లకు తెలియడం కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. మీది కనిగిరి దగ్గర పల్లె. ఒంగోలులో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది చదువుతున్నారు. ఈఆర్ స్ట్రెస్ (సరిగా మడత పడని ప్రొటీన్లు పోగుపడి కణం మీద పడే ఒత్తిడి) వస్తే కణం చూపే స్పందన కణాన్ని కాపాడుతుందని పుస్తకంలో ఒక పేజీలో ఉంది, చంపుతుందని తర్వాతి పేజీలో ఉంది. ఏది నమ్మాలి? మీ ఊరి పిల్లల పళ్ల మీద గారకూ, నాన్నగారి షుగరుకూ ఇదే కారణమని క్లాసులో విన్నారు, నిజమేనా? నాన్నగారు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న 'సెల్ స్ట్రెస్ తగ్గించే' క్యాప్సూల్స్ వాడొచ్చా?

ముందు సూటిగా జవాబు చెబుతాను. రెండు పేజీలూ నిజమే, తేడా అంతా ఎంత ఒత్తిడి, ఎంతసేపు అన్న దాంట్లో ఉంది. ఈ స్పందన పుట్టిందే కణాన్ని కాపాడడానికి. ఒత్తిడి కొద్ది గంటల్లో తగ్గితే కణం నిలదొక్కుకుంటుంది. రోజుల తరబడి తగ్గకపోతే, కాపాడిన దారుల్లోనే ఒకటి కణాన్ని చావు వైపు తీసుకెళ్తుంది. పళ్ల గారలోనూ షుగర్‌లోనూ ఈ ఒత్తిడికి పాత్ర ఉంది. అయినా అవి ఒకే జబ్బు కాదు, వాటి మూలాలు వేరు. క్యాప్సూల్స్ మాత్రం డాక్టరు చెప్పకుండా వద్దు. వాటిని నమ్ముకుని షుగర్ మాత్ర ఆపడం అసలే వద్దు.

నేను డాక్టర్ని కాదు. కణాలు పెంచి, వాటిని ఇబ్బంది పెట్టి, అవి ఏం చేస్తాయో చూసే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతున్నాను. మా సొంతూరు పొదిలి వైపు. అందుకే మీ ప్రశ్న చూడగానే ఇంత పెద్ద జవాబు రాయాలనిపించింది.

అసలు మడత అంటే ఏమిటో చూద్దాం. ప్రొటీన్ తయారైనప్పుడు అది అమైనో ఆమ్లాల పొడుగాటి దండ, అంతే. ఆ దండ తనకు తగ్గ రూపంలోకి ముడుచుకుంటేనే పనికొస్తుంది. ఆ రూపం ఎలా ఉండాలో దండలోని వరుసలోనే రాసి ఉంటుందని క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ పరీక్షనాళికలో చూపించారు, 1972లో నోబెల్ వచ్చింది. అయితే పరీక్షనాళికలో ఉన్నంత ఖాళీ కణం లోపల ఉండదు. కిక్కిరిసిన చోట దండలు ఒకదానికొకటి చిక్కుపడతాయి. అలా చిక్కుపడకుండా పట్టుకునే సహాయ ప్రొటీన్లను చాపెరోన్లు అంటాం.

కణం చేసే ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి వెళ్తాయి. తెలుగు మీడియంలో దీన్ని అంతర్జీవద్రవ్యజాలం అని చదివుంటారు, ఇక్కడ ఈఆర్ అనే రాస్తాను. బయటికి పంపాల్సిన ప్రొటీన్లు, కణ పొరలో కుదురుకోవాల్సినవి మడత పడేది ఇక్కడే. ఇక్కడ వాటికి చక్కెర గొలుసులు తగిలిస్తారు, గంధక బంధాలు వేస్తారు. వీటికి కాల్షియం నిల్వ సరిగా ఉండాలి. వీటిలో ఏది తప్పినా సరిగా మడత పడని ప్రొటీన్లు పోగుపడతాయి. అదే ఈఆర్ స్ట్రెస్. దానికి కణం ఇచ్చే జవాబును యూపీఆర్ (అన్‌ఫోల్డెడ్ ప్రొటీన్ రెస్పాన్స్) అంటారు. ఒత్తిడి వేరు, ఒత్తిడికి జవాబు వేరు. మీ గందరగోళంలో సగం ఈ రెంటినీ ఒకటిగా చదవడం వల్ల వచ్చింది.

ఇందుకూరుపేట దగ్గర మా బావగారికి రొయ్యల గుంటలున్నాయి. క్లాసులో యూపీఆర్ చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు అవే గుర్తొస్తాయి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు పక్కకు వచ్చి నీటి పైభాగాన తిరుగుతుంటాయి. అప్పుడు ఆయన ముందు మేత ఆపేయమంటారు. ఉన్న ఏరేటర్లన్నీ తిప్పుతారు. అడుగున పేరుకున్న బురదను తోడించి నీళ్లు మారుస్తారు. ఇన్ని చేసినా రెండు మూడు రోజుల్లో గుంట తేరుకోకపోతే, సైజు రాకపోయినా సరే పట్టుబడి పెట్టేస్తారు, అంటే రొయ్యలన్నీ పట్టేసి గుంట ఖాళీ చేస్తారు.

కణం చేసేదీ సరిగ్గా ఇదే. ఈఆర్ పొరలో మూడు కాపలా ప్రొటీన్లుంటాయి: పెర్క్, ఐఆర్ఈ1, ఏటీఎఫ్6. మామూలు రోజుల్లో బిప్ అనే చాపెరోన్ వీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. మడత తప్పిన ప్రొటీన్లు ఎక్కువైతే బిప్ వాటి వైపు వెళ్తుంది, కాపలావాళ్లు మేల్కొంటారు. పెర్క్ చేసేది మేత ఆపడం, అంటే కొత్త ప్రొటీన్ల తయారీని తగ్గిస్తుంది. ఐఆర్ఈ1 ఎక్స్‌బీపీ1 అనే సందేశం (ఎంఆర్ఎన్ఏ) నుంచి సరిగ్గా 26 అక్షరాలు కత్తిరించి, దాన్ని పనిచేసేలా చేస్తుంది. ఏటీఎఫ్6 గాల్జీకి వెళ్లి, అక్కడ ముక్కై, కేంద్రకంలోకి చేరుతుంది. ఈ రెండింటి వల్ల కొత్త చాపెరోన్లు వస్తాయి, ఈఆర్ కూడా పెద్దదవుతుంది. ఇవి అదనపు ఏరేటర్లు. ఇక బాగుపడే ఆశ లేని ప్రొటీన్లను ఈఆర్ నుంచి బయటికి లాగి, యుబిక్విటిన్ ముద్ర వేసి, ప్రొటియాసోమ్‌లో ముక్కలు చేస్తారు. అది బురద తోడడం. ఐఆర్ఈ1 ఇలా కాపలా కాస్తుందని 1993లో ఈస్ట్ కణాల్లో పీటర్ వాల్టర్ బృందం ఒకవైపు, కజుతోషి మోరి మరోవైపు కనుక్కున్నారు. 2014లో ఇద్దరికీ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు.

మరి పట్టుబడి, అంటే కణం చావు, ఎప్పుడు? పుస్తకాల్లో తొందరగా దాటేసేది ఈ భాగాన్నే, కాబట్టి కొంచెం ఆగుదాం.

పెర్క్ ఎక్కువసేపు మేల్కొని ఉంటే ఏటీఎఫ్4 ద్వారా చాప్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. చాప్ ఒకవైపు కణాన్ని బతికించే బీసీఎల్2ను తగ్గిస్తుంది, చావును మొదలుపెట్టే బిమ్, డీఆర్5 లాంటి వాటిని పెంచుతుంది. ఇంకోవైపు గాడ్34 అనే దాని ద్వారా పెర్క్ వేసిన బ్రేకును తీసేస్తుంది, అంటే ఆగిన ప్రొటీన్ల తయారీ మళ్లీ మొదలవుతుంది. ఈఆర్ అప్పటికే కోలుకుని ఉంటే అది మంచిదే, ఎందుకంటే ఎప్పటికీ తయారీ ఆపి ఏ కణమూ బతకదు. కోలుకోకముందే మొదలైతే? నీళ్లలో ఆక్సిజన్ ఇంకా రాకుండానే గుంటలో మేత చల్లినట్టు. ఆ భారానికే కణం కూలిపోతుంది. మనిషి కణాల్లో చూస్తే, ఒత్తిడి సాగేకొద్దీ బతికించే ఐఆర్ఈ1 దారి సద్దుమణుగుతుంది, పెర్క్ దారి మాత్రం కొనసాగుతుందని 2007లో చూపించారు. కణం 'ఇప్పుడు చావాలి' అని ఒక్క క్షణంలో తేల్చుకోదు. ఒకే అలారం ఎంతసేపు మోగిందన్నదే తీర్పు.

దీన్ని కళ్లతో చూడొచ్చు. ల్యాబ్‌లో కణాలకు డీటీటీ అనే రసాయనం వేస్తే గంధక బంధాలు తెగుతాయి, అరగంటలోనే ఎక్స్‌బీపీ1 కత్తిరింపు కనిపిస్తుంది. గంట తర్వాత డీటీటీని కడిగేసి కొత్త మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పోస్తే, మర్నాడు మైక్రోస్కోప్ కింద కణాలు ఎప్పటిలాగే అడుగుకు అంటుకుని, పరుచుకుని ఉంటాయి. అదే కణాలకు టునికామైసిన్ వేసి వదిలేస్తే అది చక్కెర గొలుసులు తగిలించే పనిని ఆపుతుంది, దాన్ని కడిగినా అంత తేలిగ్గా పోదు. మొదటి కొన్ని గంటలు అవీ మామూలుగానే కనిపిస్తాయి. 24 గంటలు దాటాక ఒక్కొక్కటీ అంచులు ముడుచుకుని, గుండ్రబడి, అడుగు వదిలి మీడియంలో తేలడం మొదలుపెడతాయి. రెండు ఫ్లాస్కుల్లోనూ మోగింది ఒకే అలారం.

మీరు చివరి ఏడాది ప్రాజెక్టులో ఎక్స్‌బీపీ1 చూస్తే ఒక మాట. 26 అక్షరాల తేడా మామూలు పలచటి అగరోజ్ జెల్‌లో తెలియదు, 3 శాతం జెల్ పోయండి. రెండు బ్యాండ్ల పైన మూడోది కనిపిస్తే కంగారు పడొద్దు. కత్తిరించిన పోగు, కత్తిరించని పోగు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన జంట అది. చాలామంది విద్యార్థులు దాన్ని కొత్త విషయం అనుకుని వారాలు పోగొట్టుకుంటారు.

నేను పోగొట్టుకున్న వారాల సంగతి కూడా చెబుతాను. రీసెర్చ్ మొదలుపెట్టిన రెండో ఏడాది సంక్రాంతి సెలవుల్లో కణాలకు మీడియం మార్చకుండా ఊరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఎర్రగా ఉండాల్సిన మీడియం పసుపు రంగుకు తిరిగింది. కణాలు బతికే ఉన్నాయి కదా అని వాటితోనే ప్రయోగం చేశాను. ఏ మందూ వేయని కంట్రోల్ కణాల్లో కూడా బిప్ విపరీతంగా ఉంది. యాంటీబాడీ చెడిపోయిందని కొత్తది తెప్పించి, మళ్లీ మళ్లీ చేసి, నెలన్నర తర్వాత అర్థమైంది. మీడియంలో గ్లూకోజ్ అయిపోయి కణాలు ఆకలితో ఉన్నాయి. చక్కెర గొలుసులకు సరుకు లేక మడతలు తప్పాయి. బిప్‌కు ఉన్న పాత పేరు జీఆర్‌పీ78, అంటే గ్లూకోజ్ నియంత్రణలో ఉండే ప్రొటీన్ అని. గ్లూకోజ్ లేనప్పుడు అది పెరగడాన్ని బట్టే 1970లలో దాన్ని గుర్తించారు. పేరులోనే ఉన్న విషయాన్ని నేను ప్రయోగంలో మరిచిపోయాను. మీరు మాత్రం ప్రయోగానికి ముందు రోజు మీడియం మార్చండి.

ఇప్పుడు నాన్నగారి షుగర్. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం మీద ఉన్నంత మడత భారం శరీరంలో చాలా తక్కువ కణాల మీద ఉంటుంది. పని ఎక్కువున్నప్పుడు ఒక్క కణం నిమిషానికి పది లక్షల దాకా ప్రోఇన్సులిన్ అణువులు చేస్తుందని అంచనా. ప్రతి అణువులో మూడు గంధక బంధాలు సరైన జతల మధ్యే పడాలి. అకిటా అనే ఎలుకల జాతిలో ఒక్క సిస్టీన్ స్థానంలో టైరోసిన్ వచ్చి ఒక బంధం పడదు. ఆ చిన్న తప్పుకే మడత తప్పిన ప్రోఇన్సులిన్ పోగుపడి, బీటా కణాలు చచ్చి, ఎలుకకు షుగర్ వస్తుంది. చాప్ జన్యువు తీసేస్తే అదే షుగర్ ఆలస్యంగా వస్తుంది. ఇంతవరకు చదివితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఈ స్పందనను ఆపేస్తే సరిపోతుంది కదా అని.

అక్కడే జాగ్రత్త కావాలి. వోల్కాట్-రాలిసన్ సిండ్రోమ్ అని ఒక అరుదైన జబ్బుంది. అందులో పెర్క్ జన్యువే దెబ్బతిని ఉంటుందని 2000లో తేలింది. అంటే ఆ పిల్లల్లో 'మేత ఆపే' మనిషి లేడు. ఒత్తిడికి స్పందన తక్కువ కాబట్టి కణాలు బాగుండాలి కదా? జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. పుట్టిన కొన్ని వారాలకో నెలలకో బీటా కణాలు పోయి షుగర్ వస్తుంది, ఎముకలు సరిగా ఎదగవు, కాలేయం దెబ్బతింటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలు కలిస్తేనే వచ్చే జబ్బు ఇది, అందుకని దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లున్న చోట ఎక్కువ కనిపిస్తుంది. మన వైపు మేనరికాలు ఎంత మామూలో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆరు నెలల లోపు పిల్లలకు షుగర్ బయటపడితే జన్యు పరీక్ష తప్పకుండా చేయించాలి. అందరికీ ఈ జబ్బే ఉంటుందని కాదు. ఇంకో రకం జన్యు లోపమైతే ఇన్సులిన్ సూది మాని మాత్రలతోనే నడిచే పిల్లలున్నారు. పరీక్ష చేయకపోతే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

మందుల్లోనూ ఇదే కనిపించింది. 2013లో ప్రయాన్ జబ్బు (మడత తప్పిన ప్రొటీన్ వల్ల మెదడు దెబ్బతినే జబ్బు) ఉన్న ఎలుకలకు పెర్క్‌ను ఆపే మందు ఇస్తే మెదడు కణాలు నిలబడ్డాయి. కానీ ఎలుకలు బరువు బాగా తగ్గాయి, రక్తంలో చక్కెర పెరిగింది. మెదడుకు మేలు చేసిన మందే క్లోమానికి హాని చేసింది.

నాన్నగారిది టైప్ 2 అయితే దాని మూలం వంశం, బరువు, శ్రమ లేకపోవడం, ఇన్సులిన్‌కు శరీరం సరిగా లొంగకపోవడం. వీటన్నిటి వల్ల బీటా కణాల మీద పని పెరుగుతుంది, అక్కడ ఈఆర్ స్ట్రెస్ గొలుసులో ఒక లంకె అవుతుంది. ఆ భారం తగ్గించే మార్గాలు మీకు తెలిసినవే: బరువు, నడక, వేళకు మందు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలని ఉంది. ఇన్సులిన్ మొదలుపెడితే ఇక జీవితాంతమేనని మన పల్లెల్లో భయపడి, డాక్టరు చెప్పినా ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. కొత్తగా షుగర్ బయటపడినవాళ్లకు కొన్ని వారాలు ఇన్సులిన్ ఇచ్చి ఆపితే, కొందరికి ఆ తర్వాత ఏడాది పైగా మందు లేకుండానే అదుపులో ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. బీటా కణాలకు కాస్త విశ్రాంతి దొరకడం అందుకు ఒక కారణమని అనుకుంటున్నారు. డాక్టరు సూది రాస్తే నాన్నగారిని భయపడనివ్వకండి.

పళ్ల గార సంగతి వేరు, అక్కడ మొదటి దోషి నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వర్ణించింది మన దగ్గరే. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. దాదాపు తొంభై ఏళ్ల కిందట పుస్తకాలకెక్కిన జబ్బు, ఇప్పటికీ మన పిల్లల నోళ్లలో కనిపిస్తోందంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఎనామిల్‌ను తయారుచేసే కణాలను అమీలోబ్లాస్టులంటారు. అవి పెద్ద మొత్తంలో ప్రొటీన్లు బయటికి పంపుతాయి, తర్వాత ఆ ప్రొటీన్లను కరిగించే ఎంజైములను పంపుతాయి. ఖాళీ అయిన చోట ఖనిజం నిండి ఎనామిల్ గట్టిపడుతుంది. ఈ దశలో చుట్టూ ఆమ్లత్వం పెరుగుతుంది. ఆమ్లంలో ఫ్లోరైడ్ కణం లోపలికి తేలిగ్గా దూరుతుంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఈ కణాల్లో ఈఆర్ స్ట్రెస్ తెస్తుందని 2005లో ప్రయోగాల్లో చూపించారు. పెర్క్ మేల్కొని తయారీ తగ్గిస్తే కణం బతుకుతుంది, కానీ పంపాల్సిన ఎంజైములు తక్కువ పడతాయి, ఎనామిల్ గుల్లగా మిగిలిపోతుంది. గమనించండి, ఇక్కడ కణం చావకపోయినా నష్టం జరిగిపోతుంది. కణం తనను తాను కాపాడుకుంది, పన్ను పాడైంది. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు కాబట్టి ఎనామిల్ తర్వాత బాగుపడదు. అయితే ఈ ఆధారాల్లో ఎక్కువ భాగం ఎలుకల్లో, పెంచిన కణాల్లో, పెద్ద మోతాదులతో వచ్చినవి. ఫ్లోరైడ్ ఎనామిల్‌ను దెబ్బతీసే దారులు వేరేవీ ఉన్నాయి. మీ సారు చెప్పింది తప్పు కాదు, కాకపోతే కథ అంతా అదే కాదు.

మిగతా జబ్బులు రెండు ముక్కల్లో చెబుతాను. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో మడత కొంచెం తప్పిన ప్రొటీన్‌ను కణం పూర్తిగా పారేయడమే సమస్య, ఇప్పుడు ఆ మడతను సరిదిద్దే మందులు వచ్చాయి. అల్జీమర్స్, పార్కిన్సన్స్‌లో మడత తప్పిన ప్రొటీన్లు పేరుకుంటాయి. వాటిలో యూపీఆర్ ఆనవాళ్లు కనిపిస్తాయి గానీ, అది కారణమా పర్యవసానమా అన్న వాదన నడుస్తూనే ఉంది. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌లో ఇదంతా తలకిందులు. ఆ కణాలు యాంటీబాడీలను గుట్టలుగా తయారుచేస్తూ, ఒత్తిడి అంచున బతుకుతుంటాయి. బొర్టెజోమిబ్ అనే మందు ప్రొటియాసోమ్‌ను ఆపి, బురద తోడే దారి మూసేస్తుంది, దాంతో అవి కూలతాయి. 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది, మన ఆసుపత్రుల్లోనూ వాడుతున్నారు. ఒకచోట తగ్గించాల్సిన ఒత్తిడిని ఇక్కడ కావాలని పెంచుతున్నారు.

ఇక క్యాప్సూల్స్. అవి టుడ్కా అయి ఉంటాయని అనుకుంటున్నాను, డబ్బా మీద చూడండి. అది పైత్యరసంలో ఉండే ఒక ఆమ్లం. 2006లో లావెక్కిన షుగర్ ఎలుకల్లో ఈఆర్ స్ట్రెస్, చక్కెర రెండూ తగ్గించింది. 2010లో ఇరవై మంది లావుపాటి మనుషులకు నాలుగు వారాలు పరీక్షిస్తే, ఇన్సులిన్‌కు శరీరం లొంగడం మెరుగైంది, కానీ కండరంలో, కొవ్వులో ఈఆర్ స్ట్రెస్ గుర్తులు మారలేదు. ఇదే పదార్థాన్ని ఇంకో మందుతో కలిపి ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుకు అమెరికాలో 2022లో అనుమతించారు. పెద్ద పరీక్షలో పనిచేయలేదని తేలడంతో 2024లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. అంత పరీక్షించినదాని గతే అది. డబ్బా మీద 'సెల్ స్ట్రెస్' అని రాసి అమ్మేదాన్ని నమ్మి నాన్నగారు మెట్‌ఫార్మిన్ మానేస్తే, మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర పరీక్ష) చూసుకుని బాధపడాలి. ఇప్పటికే వేసుకుంటుంటే డబ్బా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి, దాచొద్దు.

మీ ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే, శాశ్వత పళ్ల ఎనామిల్ తయారయ్యే వయసు అదే కాబట్టి, ముందు వాళ్ల నీళ్లు చూడండి. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మించకపోతే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకూ పోదు, ఆర్‌ఓకు తగ్గుతుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. బోరు పది నిమిషాలు నడిచాక, ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, మూత బిగించి, బోరు ఎక్కడిదో, తేదీ ఏదో సీసా మీద రాసి ఇవ్వండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. పరీక్షలో వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి, దాన్ని బట్టి ఏ పద్ధతి మీ ఊరికి సరిపోతుందో చెబుతాను.